ఆమె పనికి ఆమె పేరు



మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అమెరికాలో ఉద్యోగం చేస్తున్న పిల్లలు ఉండే ఉంటారు. లేదంటే ఇక్కడే మాదాపూర్‌లోనో, గచ్చిబౌలిలోనో కూర్చుని, రాత్రి పదింటికి హెడ్‌సెట్ తగిలించుకుని అట్లాంటా వాళ్ళతో, డాలస్ వాళ్ళతో మాట్లాడే పిల్లలు ఉంటారు. ఈ పూట నా మాటలు ఆ పిల్లల పక్క కుర్చీలో కూర్చుని పనిచేసే ఆడవాళ్ళ గురించి. నల్లజాతి ఆడవాళ్ళు. మెక్సికో నుంచో, ఆ చుట్టుపక్కల దేశాల నుంచో వచ్చి స్థిరపడ్డ కుటుంబాల ఆడవాళ్ళు. ఆసియా ఆడవాళ్ళు. ఒక్కమాటలో చెప్పాలంటే, అమెరికా ఆఫీసుల్లో తెల్లవారు కాని ఆడవాళ్ళు. ఆ వరసలో మన అమ్మాయిలూ ఉన్నారు. కొన్నేళ్ళు అక్కడ ఉద్యోగం చేసి వచ్చినదాన్ని కాబట్టి నేనూ ఉన్నాను.

వాళ్ళకు అండగా ఉండాలి అంటే ఎవరూ కాదనరు. అందరూ తలూపుతారు. మరి పొద్దున తొమ్మిదింటికి ఆఫీసుకు వెళ్ళాక, అండగా ఉండటానికి ఏం చెయ్యాలి? అది మాట్లాడుకుందాం.

ముందు ఒక సినిమా సంగతి చెబుతాను. 2016లో 'హిడెన్ ఫిగర్స్' అని ఒక హాలీవుడ్ సినిమా వచ్చింది. మీలో కొందరు చూసే ఉంటారు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో లెక్కలు కట్టిన నల్లజాతి మహిళల కథ అది. అందులో కేథరిన్ జాన్సన్ అనే గణితవేత్త రోజూ బాత్రూమ్ కోసం ఎక్కడో దూరంగా ఉన్న మరో భవనానికి, ఎండలో, వానలో, ఫైళ్ళు చంకలో పెట్టుకుని పరుగెత్తుతూ ఉంటుంది. తను పనిచేసే చోట నల్లవాళ్ళకు బాత్రూమ్ లేదు. ఒకరోజు ఆ సంగతి పై అధికారికి తెలుస్తుంది. ఆయన విసవిసా నడిచి వెళ్ళి, అందరూ చూస్తుండగా, నల్లజాతి స్త్రీలకు అని రాసి ఉన్న బోర్డును బాది బాది కింద పడేస్తాడు. హాల్లో చప్పట్లు.

బాగుంది. కానీ అలా జరగలేదు. ఆ అధికారి సినిమా కోసం అల్లిన పాత్ర. అసలు కేథరిన్ జాన్సన్ ఆ పరుగులూ పెట్టలేదు. దగ్గర్లో ఏ బోర్డూ లేని బాత్రూమ్ కనిపిస్తే దర్జాగా అందులోకే వెళ్ళేవారు. బోర్డు బద్దలుకొట్టే హీరో ఎవరూ రాలేదు. నిజంగా జరిగినవి వేరే ఉన్నాయి. అవి సినిమాకు అంతగా పనికిరావు గానీ, మనకు పనికొస్తాయి. ఆ సంగతులు చెబుతాను.

వర్జీనియా రాష్ట్రంలో హాంప్టన్ అని ఒక ఊరు. అక్కడ లాంగ్లీ పరిశోధన కేంద్రం ఉంది. నాసా పుట్టకముందు నుంచీ ఉంది. విమానాల మీద పరిశోధనలు చేసేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1943లో, అక్కడ నల్లజాతి మహిళలను లెక్కలు కట్టే ఉద్యోగాల్లోకి తీసుకోవడం మొదలైంది. చాలామంది అంతకుముందు బడుల్లో లెక్కల టీచర్లు. చేసే పని తెల్ల ఉద్యోగినులు చేసే పనే. కూర్చునే గది మాత్రం వేరు. క్యాంటీన్‌లో బల్ల వేరు. ఆ బల్ల మీద ఒక చిన్న అట్టముక్క నిలబెట్టేవారు, ఇది నల్లవాళ్ళ బల్ల అని.

ఆ ఉద్యోగినుల్లో మిరియం మాన్ అని ఒకావిడ. చిన్న మనిషి. ఒకరోజు ఆ అట్టముక్క తీసి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు. కొన్నాళ్ళకు బల్ల మీదకు మరొకటి వచ్చింది. అదీ తీసి బ్యాగులో వేసుకున్నారు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ తీశారు. ఆ అట్టముక్క కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా అని ఇంట్లో భర్త బెంగపడ్డారు. ఆవిడ మానలేదు. చివరికి ఒకరోజు నుంచి అట్టముక్క రావడం మానేసింది.

ఈ కథ వినగానే ఆవిడ ధైర్యానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మొక్కుదాం. కానీ ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఆ క్యాంటీన్‌లో చుట్టూ ఎంతోమంది తెల్ల ఇంజనీర్లు రోజూ భోంచేస్తున్నారు. వాళ్ళలో ఎవరైనా ఆ అట్ట తీసి చెత్తబుట్టలో పడేస్తే, వాళ్ళ ఉద్యోగానికి పెద్ద ఢోకా ఏమీ లేదు. మరి ఆ అట్ట తీయడానికి, ఉద్యోగం పోతుందేమోనని భర్త భయపడుతున్న ఆవిడే ఎందుకు లేవాల్సి వచ్చింది?

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎవరికి నష్టం తక్కువో వాళ్ళు ముందు లేవాలి. మళ్ళీ చెబుతున్నాను. నోరు తెరిస్తే ఎవరికి నష్టం తక్కువో, వాళ్ళు ముందు నోరు తెరవాలి. దానికి బోర్డులు బద్దలుకొట్టక్కర్లేదు.

అలా లేచిన మనిషి ఒకాయన అదే లాంగ్లీలో ఉన్నారు. ఆయన కథ వినండి.

మేరీ జాక్సన్ అనే ఆవిడ 1951లో అక్కడ చేరారు. లెక్కలు కట్టే ఉద్యోగమే. ఒకరోజు ఆవిడను తెల్ల ఉద్యోగినులు పనిచేసే వేరే భవనానికి పంపారు. పని మధ్యలో, ఇక్కడ బాత్రూమ్ ఎక్కడ అని అడిగారు. వాళ్ళు కిసుక్కున నవ్వారు. మీ బాత్రూమ్ ఎక్కడుంటుందో మాకేం తెలుసు అన్నట్టుగా నవ్వారు. ఊహించండి. లెక్కల్లో, సైన్సులో డిగ్రీ ఉన్న మనిషి. ఇద్దరు బిడ్డల తల్లి. పని బల్ల దగ్గర నిలబడి బాత్రూమ్ దారి అడిగితే నవ్వులు.

ఆవిడ ఆ మంటతోనే బయటకు వచ్చారు. దారిలో కజిమియెర్జ్ చర్నెకీ అనే ఇంజనీరు ఎదురయ్యారు. తెల్లాయన. గాలి సొరంగం దగ్గర పనిచేసేవారు. గాలి సొరంగం అంటే, విమానం నమూనాను లోపల పెట్టి, దాని మీదకు ధ్వని వేగానికి దాదాపు రెట్టింపు వేగంతో గాలిని వదిలి, ఏం జరుగుతుందో చూసే యంత్రం. ఆయన మామూలుగా పలకరించారు. ఆవిడ కడుపులో ఉన్నదంతా కక్కేశారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ స్థానంలో మనం ఉంటే ఏమంటాం? అయ్యో పాపం అంటాం. వాళ్ళ మనసులో అలా ఉండి ఉండదులెండి అంటాం. మీరే పొరపాటు పడ్డారేమో అంటాం. ఇంకా మంచివాళ్ళమైతే, నేను అలాంటివాణ్ణి కాదండీ అంటాం. ఇందులో ఏ ఒక్కమాటా ఆవిడకు అక్కరకు రాదు.

చర్నెకీ ఆవిడ చెప్పినదంతా విన్నారు. విని, వచ్చి నా దగ్గర పనిచెయ్యండి అన్నారు. అంతే. ఆయన చేతిలో ఉన్నది అదే. తన విభాగంలో ఒక ఉద్యోగం. అది ఇచ్చారు. అది 1953.

కథ అక్కడితో ఆగలేదు. కొన్నాళ్ళకు, మీరు ఇంజనీరు కావాలి, దానికి కావలసిన పాఠాలు చదవండి అని ఆయనే ప్రోత్సహించారు. ఆ పాఠాలు సాయంత్రాలు హాంప్టన్ హైస్కూల్లో చెప్పేవారు. అది తెల్లపిల్లల బడి. లోపలికి అడుగుపెట్టడానికి మేరీ జాక్సన్ నగర అధికారుల దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి, ఆ ఊరి బడిలోకి వెళ్ళడానికి అర్జీ పెట్టుకుంది. అనుమతి వచ్చింది. చదివారు. 1958లో ఇంజనీరు అయ్యారు. నాసాలో తొలి నల్లజాతి మహిళా ఇంజనీరు ఆవిడే. ఆ ఏడాదే వెలువడిన ఒక పరిశోధన నివేదిక మీద రెండు పేర్లు ఉన్నాయి. చర్నెకీ, మేరీ జాక్సన్. ఇద్దరివీ.

ఇప్పుడు వాషింగ్టన్‌లో నాసా ప్రధాన కార్యాలయానికి మేరీ జాక్సన్ పేరే పెట్టారు. చర్నెకీ పేరు మనలో ఎంతమందికి తెలుసు? తెలియకపోయినా ఫరవాలేదు. చప్పట్ల కోసం చేసిన పని కాదు అది.

పేరు సంగతి వచ్చింది కాబట్టి కేథరిన్ జాన్సన్ దగ్గరకు మళ్ళీ వద్దాం. ఆవిడ ఇంజనీర్ల బృందంలో పనిచేసేవారు. అందులో టెడ్ స్కోపిన్‌స్కీ అనే ఇంజనీరుతో కలిసి ఒక కష్టమైన లెక్క చేశారు. ఉపగ్రహాన్ని ఏ కోణంలో వదిలితే అది భూమి మీద మనం కోరిన చోటికి సరిగ్గా పైన చేరుతుంది అనే లెక్క. స్కోపిన్‌స్కీ వేరే బాధ్యతకు వెళ్ళాల్సి ఉంది. నివేదిక ముగించి వెళ్ళమని పై అధికారి వెంటపడుతున్నారు. అప్పుడు స్కోపిన్‌స్కీ ఏం చెప్పారంటే, కేథరిన్‌నే ముగించనివ్వండి, ఎలాగూ చాలా పని ఆవిడే చేసింది అని.

చూడండి, ఎంత చిన్న మాటో. అబద్ధం కాదు, పొగడ్త కాదు. ఉన్నమాట. కానీ ఆ ఉన్నమాట ఆవిడ తనంతట తాను చెప్పుకుంటే గొప్పలు పోతోంది అనేవారు. ఆయన చెబితే చెల్లింది. 1960లో ఆ నివేదిక అచ్చయినప్పుడు దాని మీద ఆవిడ పేరు ఉంది. ఆ విభాగంలో ఒక నివేదిక మీద ఆడమనిషి పేరు పడటం అదే మొదటిసారి. తర్వాత రెండేళ్ళకు, 1962లో, జాన్ గ్లెన్ అనే వ్యోమగామి భూమి చుట్టూ తిరగడానికి బయల్దేరే ముందు, యంత్రం కట్టిన లెక్కను కేథరిన్ జాన్సన్ చేత చేత్తో సరిచూయించమని అడిగారు. ఆ నమ్మకం ఊరికే రాలేదు. ఆవిడ పని ఎవరిదో నలుగురికీ తెలిసింది కాబట్టి వచ్చింది.

కాబట్టి శ్రోతలారా, రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. నష్టం తక్కువ ఉన్నవాళ్ళు ముందు లేవాలి. ఆమె చేసిన పనికి ఆమె పేరు పడాలి. ఈ రెండే.

ఇదంతా అరవై ఏళ్ళ కిందటి మాట కదా, ఇప్పుడు బోర్డులు లేవు కదా అంటారు. నిజమే. బోర్డులు లేవు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. రంగును బట్టి, జాతిని బట్టి, ఆడా మగా తేడాను బట్టి ఉద్యోగంలో వివక్ష చూపకూడదు అన్నారు. మరి ఆ చట్టం వచ్చాక ఏమైందో ఒక కేసు చెబుతాను.

సెయింట్ లూయిస్ అనే ఊళ్ళో జనరల్ మోటార్స్ కార్ల కర్మాగారం. 1970ల్లో మాంద్యం వచ్చింది. పనివాళ్ళను తగ్గించాలి. ఎవరు చివర చేరారో వాళ్ళను ముందు తీసేశారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ కంపెనీ 1964కు ముందు నల్లజాతి ఆడవాళ్ళను అసలు చేర్చుకోలేదు. కాబట్టి చివర చేరింది ఎవరు? వాళ్ళే. ఉద్యోగం పోయింది ఎవరికి? వాళ్ళకే. అయిదుగురు నల్లజాతి మహిళలు కోర్టుకెక్కారు.

1976లో తీర్పు వచ్చింది. ఆడవాళ్ళ మీద వివక్ష అంటున్నారా? కంపెనీ ఎన్నాళ్ళ నుంచో ఆడవాళ్ళను తీసుకుంటోందిగా. నిజమే, తీసుకుంది. ఆఫీసు పనుల్లోకి, తెల్ల ఆడవాళ్ళను. నల్లవాళ్ళ మీద వివక్ష అంటున్నారా? అయితే నల్లవాళ్ళ తరఫున నడుస్తున్న మరో కేసులో కలవండి. రెండూ కలిపి నల్లజాతి ఆడవాళ్ళు అనే వేరే లెక్క చట్టంలో లేదు పొమ్మన్నారు. ఈ కేసును పట్టుకునే 1989లో కింబర్లీ క్రెన్షా అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు ఒక వ్యాసం రాశారు. నాలుగు రోడ్ల కూడలిలో నిలబడ్డ మనిషికి ఏ దారిలో వచ్చిన బండి అయినా తగలొచ్చు, రెండూ కలిసి అయినా తగలొచ్చు, మీరేమో ఒక్క బండి నంబరే చెప్పమంటున్నారు అని ఆవిడ వాదన. ఇప్పుడు లా కాలేజీల్లో ఆ వ్యాసాన్ని విరివిగా చదువుతారు.

మన దగ్గరా ఈ మాట వినబడింది. స్త్రీవాద ఉద్యమంలో మా కులం మాట రాదు, కుల ఉద్యమంలో మా ఆడతనం మాట రాదు అని తెలుగు దళిత స్త్రీలు ఎప్పటినుంచో చెబుతున్నారు. గోగు శ్యామల గారు 2003లో 'నల్లపొద్దు' పేరుతో వాళ్ళ రచనలను ఒకచోట చేర్చి తెచ్చారు. అమెరికాలో నల్లజాతి సహోద్యోగిని బాధ అర్థం కావడం లేదు అనే తెలుగువారికి, అర్థం చేసుకోవడానికి కావలసిన సరంజామా ఇంట్లోనే ఉంది.

ఇప్పుడు మన పిల్లల ఆఫీసులోకి వెళదాం. నేను కళ్ళారా చూసిన ఒక సంగతి చెబుతాను. ఊరు వద్దు, కంపెనీ వద్దు.

అది ఒక సాఫ్ట్‌వేర్ టీము. ఏడెనిమిది మంది. అందులో అయిదుగురు మనవాళ్ళు. గుంటూరు, కరీంనగర్, కాకినాడ. మంచి కుర్రాళ్ళు. పనిమంతులు. టెస్టింగ్ చూసేది ఒక నల్లజాతి ఆవిడ. యాభై ఏళ్ళ వయసు. ఆ సిస్టమ్ పుట్టినప్పటి నుంచి ఆవిడకు దాని ఆనుపానులన్నీ తెలుసు. పొద్దున మీటింగ్ ఇంగ్లీషులో బాగానే జరుగుతుంది. మధ్యాహ్నం అవుతుంది. క్యాంటీన్ మూలన మైక్రోవేవ్. దాని ముందు వరసగా మన డబ్బాలు. గోంగూర పప్పు, బెండకాయ వేపుడు. అందరూ ఒక బల్ల చుట్టూ చేరతారు. కబుర్లు తెలుగులో. తప్పేముంది? ఏమీ లేదు. పరాయి దేశంలో అరగంట సేపు తెలుగు మాట్లాడుకోవడమంటే ప్రాణం లేచొస్తుంది.

కానీ కబుర్లు నెమ్మదిగా పనిలోకి జారతాయి. ఒరే, ఆ మాడ్యూల్ ఈ రిలీజ్‌లో వద్దురా, వచ్చేదాంట్లో పెడదాం. సరే అన్నా. తేదీ కూడా మార్చేద్దామా? మార్చెయ్. అయిపోయింది. నిర్ణయం జరిగిపోయింది. ఆవిడ అదే బల్ల చివర కూర్చుని సలాడ్ తింటోంది. మర్నాడు మీటింగులో ఆవిడ పాత తేదీ ప్రకారం లెక్కలు చెబుతుంది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఈవిడకు తెలియదా అన్నట్టు. మేనేజర్ దృష్టిలో, ఆవిడ వెనకబడిపోయిన మనిషి.

ఎవరూ ఆవిడను ఒక్క మాట అనలేదు. ఎవరి మనసులోనూ చెడు లేదు. కానీ రోజూ అదే బల్ల మీద, కంటికి కనబడని అట్టముక్క ఒకటి నిలబెట్టి వస్తున్నారు.

ఆ టీములో చిన్నవాడు ఒక కుర్రాడు. మనవాడే. ఒకరోజు, అన్నా, పని మాట వచ్చింది, ఇంగ్లీషులో మాట్లాడదాం, ఆవిడ కూడా ఉంది కదా అన్నాడు. మొదట్లో వాళ్ళు వాణ్ణి ఆటపట్టించారు. దొర వచ్చాడురా అన్నారు. వాడు నవ్వేసి, ఇంగ్లీషులోకి మారి, ఆవిడ వైపు తిరిగి, తేదీ మారిస్తే మీ టెస్టింగ్ ఎలా అవుతుంది అని అడిగాడు. ఆవిడ ఏం చెప్పిందో తెలుసా? ఆ తేదీన క్లయింటు వాళ్ళ ఏడాది లెక్కలు ముగుస్తాయి, ఆ వారం వాళ్ళు ఏదీ ముట్టుకోనివ్వరు అని. టీములో ఇంకెవరికీ తెలియని సంగతి. తేదీ మార్చి ఉంటే నెత్తి మీదకు తెచ్చుకునేవాళ్ళు.

ఆ కుర్రాడు చేసింది సాహసమేమీ కాదు. అన్నల చేత ఒక పూట ఎగతాళి పడ్డాడు. అంతే ఖర్చు.

ఇంకోచోట ఇంకొంచెం ఎక్కువ ఖర్చవుతుంది. ఏడాది చివర మేనేజర్లందరూ ఒక గదిలో కూర్చుని ఎవరికి ఏ రేటింగ్ ఇవ్వాలో తేలుస్తారు. రేటింగ్ పడేవాళ్ళు ఎవరూ ఆ గదిలో ఉండరు. అక్కడ ఒక మాట గాలిలో తేలుతూ వస్తుంది. ఆమె పని బాగానే ఉంటుంది గానీ, కొంచెం దురుసు మనిషండీ. నల్లజాతి ఆడవాళ్ళ మీద ఈ మాట ఎంత తేలిగ్గా పడుతుందో చెప్పలేను. ఆసియా అమ్మాయి అయితే మరో మాట. పని బాగా చేస్తుంది గానీ, మెతక, నాయకత్వానికి పనికిరాదు. గట్టిగా మాట్లాడితే దురుసు, మెల్లగా మాట్లాడితే మెతక.

ఆ గదిలో మన తెలుగువారు ఇప్పుడు చాలామంది ఉన్నారు. మేనేజర్లు, డైరెక్టర్లు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఆ మాట వచ్చినప్పుడు పోట్లాడక్కర్లేదు. ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. ఒక్క ప్రశ్న అడగండి. ఏ సందర్భంలో దురుసుగా ఉన్నారండీ, ఒక ఉదాహరణ చెబుతారా? చాలాసార్లు ఉదాహరణ ఉండదు. ఉన్నా, అదే పని మగవాడు చేస్తే సూటిగా మాట్లాడాడు అని రాసుకున్న సంగతి బయటపడుతుంది. ఆమె లేని గదిలో ఆమె తరఫున ఒక్క ప్రశ్న. అది మీకు పడే ఖర్చు. ఆమెకు అది ఒక ప్రమోషన్.

లాంగ్లీలో ఇలాంటిదే మరొకటి జరిగింది. క్రిస్టీన్ డార్డెన్ అనే నల్లజాతి ఆవిడ 1967లో అక్కడ చేరారు. మగవాళ్ళు అదే చదువుతో వస్తే ఇంజనీర్లను చేస్తున్నారు, మమ్మల్ని లెక్కల గదిలో ఎందుకు కూర్చోబెడుతున్నారు అని పై అధికారిని నిలదీశారు. కొద్ది వారాల్లో ఇంజనీరింగ్‌లోకి మార్చారు. అయినా తర్వాత ఏళ్ళ తరబడి పదోన్నతి రాలేదు. అప్పుడు అక్కడి సమాన అవకాశాల విభాగం వారు ఒక చార్టు గీశారు. ఒకే చదువు, ఒకే అనుభవం. మగవాళ్ళు అక్కడున్నారు, ఆడవాళ్ళు ఇక్కడున్నారు అని. అది చూసి పై అధికారి నివ్వెరపోయారట. డార్డెన్‌కు పదోన్నతి వచ్చింది. ఆ అధికారి చెడ్డవాడు కాదు. ఎప్పుడూ అలా పక్కపక్కన పెట్టి చూడలేదు. చూసేలా చేసే మనిషి కావాలి.

ఒబామా మొదటి విడత పాలనలో వైట్‌హౌస్‌లో పనిచేసిన మహిళలు ఇంకో ఉపాయం పట్టారు. మీటింగుల్లో మగవాళ్ళే ఎక్కువ. ఆడవాళ్ళు చెప్పిన సంగతి కాసేపటికి మగవాడి నోట వచ్చి, ఆయన ఆలోచన అయిపోయేది. దాంతో వాళ్ళు ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఒకామె మంచి మాట చెప్పగానే, ఇంకొకామె ఆ మాటనే మళ్ళీ చెప్పి, ఇది ఫలానా ఆవిడ చెప్పింది అని పేరు కలిపేది. మళ్ళీ అదే. ఆమె పనికి ఆమె పేరు. ఇది ఎవరైనా చేయొచ్చు. హైదరాబాద్ నుంచి ఫోన్‌లో మాట్లాడే కుర్రాడు కూడా, ఇందాక అట్లాంటా నుంచి మేడమ్ చెప్పినట్టు అని ఒక్క ముక్క కలిపితే చాలు.

ఇక చెయ్యకూడనివి కొన్ని, త్వరగా చెప్పేస్తాను. జుట్టు చూసి ఆశ్చర్యపోయి ముట్టుకోబోవద్దు. 2010లో అలబామాలో ఒక నల్లజాతి అమ్మాయికి ఇచ్చిన ఉద్యోగాన్ని, జడలు తీసేయనన్నందుకు వెనక్కు తీసుకున్నారు. కోర్టులో కూడా ఆమె తరఫు కేసు ఓడిపోయింది. జుట్టును బట్టి వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా చట్టం చేసింది 2019లో. కాబట్టి అది సరదా విషయం కాదు. అలాగే, మీ జాతి వాళ్ళు ఏమనుకుంటారండీ అని ఆమెను అడగవద్దు. మీ ఊరు మొత్తం తరఫున జవాబు చెప్పమని మిమ్మల్ని అడిగితే ఎలా ఉంటుంది? ఇంకొకటి. మీటింగ్ మినిట్స్ రాయడం, పుట్టినరోజు కేకు తెప్పించడం ప్రతిసారీ ఆమె మీదే పడుతుంటే, ఈసారి నేను చూస్తాను అనండి. కేకు తెప్పించడం ఐఐటీలో నేర్పని విద్య అయినా, వచ్చేస్తుంది.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. మా వాడు వీసా మీద ఉన్నాడమ్మా, వాడి ఉద్యోగమే గాలిలో దీపం, ఎవరికో అండగా నిలబడి వీడి కొంప ముంచుకోమంటావా? న్యాయమైన ప్రశ్న. వీసా మీద ఉన్న మనిషికి నష్టం తక్కువేమీ కాదు. ఉద్యోగం పోతే దేశం వదలాల్సి రావచ్చు. వివక్షను ఎదిరించినందుకు కక్ష కట్టకూడదని 1964 చట్టంలోనే ఉంది. చట్టం ఉంది కదా అని భయం పోదు. అందుకే అందరూ అన్నీ చెయ్యాలని నేననను. వీసా మీద ఉన్న కుర్రాడు భోజనాల బల్ల దగ్గర భాష మార్చగలడు. మెయిల్లో ఆమె పేరు రాయగలడు. గ్రీన్‌కార్డు వచ్చినవాడు మీటింగులో నోరు తెరవగలడు. పౌరసత్వం వచ్చి, డైరెక్టర్ అయినవాడు రేటింగ్ గదిలో ప్రశ్న అడగగలడు, తన విభాగంలో ఉద్యోగం ఇవ్వగలడు. ఎవరి స్తోమతకు తగ్గట్టు వాళ్ళు. నాకు కోపం వచ్చేది ఆ చివరి మనిషి మీద. పాతికేళ్ళ కింద వీసా మీద ఉన్నప్పటి భయాన్ని ఇంకా అడ్డం పెట్టుకునే మనిషి మీద.

ఆ మనిషికి ఒక పాత బాకీ కూడా గుర్తుచేయాలి. 1946 చట్టం ప్రకారం మన దేశం నుంచి ఏడాదికి వందమందికి మాత్రమే అమెరికాలో స్థిరపడే అవకాశం ఉండేది. మొత్తం దేశానికి వంద. 1965లో కొత్త వలస చట్టం వచ్చి ఆ కోటాలను ఎత్తేసింది. ఆ తర్వాతే మన డాక్టర్లు, ఇంజనీర్లు బారులు తీరి వెళ్ళారు. ఆ చట్టం ఊరికే రాలేదు. పుట్టుకను బట్టి మనిషిని వేరుచేయకూడదని నల్లజాతివారు వీధుల్లోకి వచ్చి, దెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి పోరాడిన కాలంలో వచ్చింది. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో వలస చట్టం. వెనకే వచ్చింది. మనం వెళ్ళిన తలుపు వాళ్ళు తోసిన తలుపు.

అక్కడికి వెళ్ళాక మనలో కొందరు కులాన్ని కూడా సూట్‌కేసులో పెట్టుకు వెళ్ళారు. 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చెయ్యాల్సి వచ్చింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. ఇది మనం తలెత్తుకుని చెప్పుకునే సంగతి కాదు. పక్క కుర్చీలో నల్లజాతి ఆవిడకు అండగా నిలబడి, ఎదుటి కుర్చీలో మన దళిత అమ్మాయి ఇంటిపేరు ఆరా తీస్తే ఆ అండకు అర్థం లేదు.

ఇప్పుడు రోజులు మారుతున్నాయి. 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం రాగానే అక్కడ ఫెడరల్ కార్యాలయాల్లో ఇలాంటి సమానత్వ కార్యక్రమాలను ఎత్తేస్తూ ఉత్తర్వులు వచ్చాయి. చాలా కంపెనీలు కూడా తమ కార్యక్రమాలను తగ్గించుకున్నాయి. కంపెనీ తరఫున క్లాసులు, పోస్టర్లు ఉండకపోవచ్చు. కానీ చర్నెకీ కాలంలో ఏ పోస్టరు ఉంది? ఏ క్లాసు ఉంది? అప్పుడు వర్జీనియాలో నల్లవాళ్ళనూ తెల్లవాళ్ళనూ వేరుచేసే చట్టాలే అమల్లో ఉన్నాయి. అయినా తన విభాగంలో కుర్చీ ఒకటి ఇచ్చారు.

కాబట్టి తల్లిదండ్రులకు నాదొక విన్నపం. ఈ ఆదివారం పిల్లలు ఫోన్ చేస్తారు కదా. తిన్నావా అని అడుగుతారు. వీసా ఏమైంది, ఇల్లు ఎప్పుడు కొంటావు, పెళ్ళి మాటేమిటి అని అడుగుతారు. అవన్నీ అడగండి. అడిగాక ఇంకొక్కటి అడగండి. మీ టీములో ఆడవాళ్ళు ఎవరెవరున్నారు, వాళ్ళు చేసిన పని మీద వాళ్ళ పేరే పడుతోందా, లేకపోతే నీ పేరు పడుతోందా అని.

జవాబు వచ్చేదాకా ఫోన్ పెట్టేయకండి.